సముద్రం గట్టున చెలమ

వదినా, పొయ్యి మీద ఏమన్నా ఉంటే మంట తగ్గించి రోంత గోడకాడికి రా. నిన్న నువ్వు "సముద్రానికి పోయొచ్చినారంట గదా, ఏం చూసినారు?" అనడిగితే, సామాన్లు దించే తొందరలో "బాగుండాదిలే" అనేసి లోపలికి పోతిని. బాగుండాదంటే చాలదు. నింపాదిగా చెప్పాల్సిన సంగతులు శానా ఉండాయి.

అలలు, చల్లగాలి, పొద్దు పొడిచేది, ఇవన్నీ సినిమాల్లో చూసినవే గదా. నేను చెప్పేది వేరే. సముద్రం కనపడేంత దగ్గర్లో, ఇసుకలో మోకాలి లోతు తవ్వితే మంచినీళ్లు ఊరతాయి వదినా. తాగే నీళ్లు! వెయ్యడుగులు బోరు దించినా దుమ్మే లేచే ఊర్లలో పుట్టి పెరిగినోళ్లం మనం. ఆ నీళ్లు నోట్లో పోసుకున్నప్పుడు నాకు మాట రాలేదు.

మేము పోయిన బండి సంగతి ముందు చెప్పేస్తా. బయటినుంచి చూస్తే టెంపో ట్రావెలర్ అంతే ఉంటాది. లోపల నాలుగు పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న సింకు, బాత్రూము, పైకప్పు మీద సోలార్ పలకలు. మామూలు వ్యాను తెచ్చి మనమే మంచాలు బిగించుకుంటే కుదరదంట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండాది, ఆర్టీవో అనుమతి లేకుండా బండిని అట్ల మార్చగూడదు. అందుకని ఇంటిబండిగానే రిజిస్టరయిన దాన్ని బాడుగకు తెచ్చుకున్నాం. నేను, మా ఇంటాయన, మా అత్త, పిల్లోళ్లిద్దరు. బియ్యం, రాగిపిండి, ఊరిబిండి, కారం బొరుగులు అన్నీ ఇంటినుంచే.

మొబ్బుతోనే లేచి, సిద్దవటం కోట పక్కన పెన్నను చూసుకుంటా పోయి, బద్వేలు కాడ 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కినాం. ఆ రోడ్డు బళ్లారి దిక్కునుంచి గుత్తి, తాడిపత్రి, పొద్దుటూరు, మైదుకూరు మీదుగా వచ్చి ఆత్మకూరు, నెల్లూరు దాటి కృష్ణపట్నం రేవు దాకా పోతాది. పెన్న దోవ కూడా ఇంచుమించు అదే. నంది కొండల్లో పుట్టి, మన చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు, సగిలేరు అన్నిటినీ కలుపుకోని, సోమశిల దాటి, నెల్లూరు దాటి, ఊటుకూరు కాడ బంగాళాఖాతంలో కలుస్తాది. మొత్తం 597 కిలోమీటర్లు. మన ఇండ్ల ముందర ఇసుక మేటగా కనపడే ఏరు ఆడికి పోయేసరికి రెండు పక్కలా పచ్చటి వరి మళ్లను తడుపుతాంది.

దోవలో మా ఇంటాయన చెప్పిన మాట ఒకటి నేను ఇదివరకు ఎప్పుడూ వినలేదు. ఆయన ఇరిగేషన్లో పనిచేసినోడు గదా. మన కేసీ కెనాల్ ఉండాదే, కర్నూలు కడప కాలువ, దాన్ని మొదట తలపెట్టినప్పుడు కడపతో ఆపాలని కాదంట. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఇంగ్లండు డబ్బుతో పెట్టిన కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. తుంగభద్ర మీద సుంకేసుల కాడినుంచి కాలువ తవ్వి, నెల్లూరు సీమలో కృష్ణపట్నం దాకా తీసకపోవాలనేది మొదటి లెక్క. కాలువ పొలాలకు నీళ్లియ్యాల, పడవలు కూడా తిరగాల. అందుకే దాని మీద లాకులు కట్టినారు. 1863లో పని మొదలుపెట్టి 1870 దాకా తవ్వి, 306 కిలోమీటర్లు తెచ్చి కడపలో నిలిపేసినారు. డబ్బు చాలలేదు. 1882లో సర్కారు కొనేసింది.

అనుకున్నట్టు అయ్యుంటే కర్నూలులో పడవెక్కి సముద్రంలో దిగేవాళ్లం వదినా! సీమ అంటే అందరికీ కరువు, కొండలు, ఫ్యాక్షన్, ఇవే గుర్తొస్తాయి. సముద్రానికి దోవ తవ్వడానికి పూనుకున్న నేల ఇది అని ఒక్క స్కూలు పుస్తకంలో అయినా రాస్తే ఎంత బాగుంటాది! పిల్లోళ్లు బండి ఆపించి మరీ ఫోన్లో కాలువ మ్యాపు చూసినారు.

సముద్రం గట్టున ఉండే మైపాడు చేరేసరికి సందకాడ అయ్యింది. ఇసుకలోకి దిగబాకండి, టైర్లు కూరుకుపోతాయి అని ఆడి మనుషులు ముందే చెప్పినారు. సర్వి తోపు పక్కన గట్టి నేల చూసి బండి నిలబెట్టినాం. దగ్గర్లోనే జాలర్ల పల్లె. ఆ పక్క అట్లాంటి పల్లెల్ని పట్టపుపాలెం అంటారు.

ఇంటిబండిలో ముందుగా అయిపోయేది నీళ్లు. డీజిలు కాదు, గ్యాసు కాదు. ట్యాంకులో వంద లీటర్లు పట్టినా, ఒళ్లంతా ఉప్పుతో వచ్చే పిల్లోళ్లు స్నానానికి నిలబడితే ఎంతసేపు వస్తాయి? మనకు చెంబెడు నీళ్లతో ఒళ్లు కడుక్కునే అలవాటు ఉండబట్టి గానీ, లేకుంటే తొలి పూటకే కరువు. మరునాడు పొద్దున బిందె పట్టుకోని పాలెం దిక్కు నడిచినాం నేనూ మా అత్తా. చేపలు ఎండేస్తాండే ఒక ఆడమనిషి మా బిందె చూసి నవ్వింది.

"ఆ చేతిపంపు నీళ్లు తాగబాకండక్కా, ఉప్పగా ఉంటాయి. రండి మా చెలమకాడికి."

చెలమ అనే మాట చెవిన పడేసరికి మా అత్త ఆడనే నిలబడింది. ఆమెది చెన్నూరు పక్కన పెన్న గట్టు పల్లె. ఎండాకాలం ఏరు ఎండిపోతే ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూచోని, చిప్పతో తోడి బిందె నింపుకోని తలమీద మోసిన మనిషి. పెండ్లయి వచ్చినాక కూడా ఆ పనే.

ఇసుక దిబ్బ దాటినాం. అలల చప్పుడు వినపడతానే ఉండాది. దిబ్బకు భూమి దిక్కు వాలులో మోకాలి లోతు గుంత, చుట్టూ ఇసుక జారకుండా తాటిమట్టలు అడ్డం పెట్టినారు. ఆమె వంగి పాత నీళ్లన్నీ టెంకాయ చిప్పతో తోడి అవతల పోసింది. గుంత ఖాళీ అయ్యింది. రోంత సేపు ఏమీ లేదు. అంతలో, దిబ్బ పక్కనుంచి ఇసుక తడి తేలి, చిన్న చిన్న రేణువులు కదిలి, నీళ్లు సన్నగా దిగొచ్చినాయి. మొదట మసకగా ఉండాయి, చూస్తాండగానే తేట పడినాయి. మా అత్త దోసిట్లో పట్టి తాగి, "మన పెన్న నీళ్లే ఇవి" అనింది. చిప్ప తన చేతిలోకి తీసుకోని, నీళ్లు కలక పడకుండా మీద మీదనే తోడి బిందెలో పోస్తాంటే, ఆ పాలెం ఆమె "యాడ నేర్చుకున్నావు పెద్దమ్మా ఇంత నేర్పుగా?" అనడిగింది.

"పెన్నలోనే. నువ్వు ఈ కొసన ఉండావు, నేను ఆ నడిమిన" అనింది మా అత్త.

మా చిన్నోడు ఊరకుండక పార తెచ్చి, ఇంకా లోతు తీస్తే ఇంకా నీళ్లు వస్తాయి గదా అన్నాడు. మన ఊరి బుద్ధి అంతే గదా, నీళ్లు తగ్గితే ఇంకో రాడ్డు దించు, ఇంకో రెండొందల అడుగులు పో అంటాం. ఆ పాలెం ఆమె పార పట్టుకోని ఆపేసింది. "లోతు పోబాక నాయనా, ఉప్పు తగుల్తాది. పైపైనే తీసుకోవాల."

దాని వెనక లెక్క మా పెద్దోడు చెప్పినాడు. వాడు డిగ్రీలో జియాలజీ చదివినోడు. దిబ్బమీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉండే సముద్రపు నీళ్లతో కలవకుండా వాటి మీద తేలి నిలబడతాది. పాలమీద మీగడ నిలబడినట్టు. ఉప్పునీళ్లు బరువు, మంచినీళ్లు తేలిక, అంతే. సముద్ర మట్టానికి ఒకడుగు ఎత్తున మంచినీళ్లు నిలబడితే కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయని లెక్క. గైబెన్ అని ఒకాయన, హెర్జ్‌బర్గ్ అని ఇంకొకాయన నూరేండ్ల కిందటే కనిపెట్టినారంట. లెక్క తిరగేసి చూడు వదినా. మోటరు పెట్టి పైన ఒకడుగు లాగేసినామంటే కిందినుంచి నలభై అడుగుల ఉప్పు పైకి ఎగబాకుతాది. ఒకసారి ఎక్కిన ఉప్పు దిగిపోవాలంటే ఎన్ని వానలు పడాలో!

ఆ పాలెం ఆమెకు ఈ లెక్క తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. పైపైనే తీసుకోవాలని ఆమెకు వాళ్లమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లవ్వ చెప్పింది.

ఈ నీళ్లతో సేద్యం కూడా చేస్తారు. బాపట్ల, చీరాల పక్క ఇసుక నేలల్లో దొరువులని గుంతలు తవ్వుకోని, కుండలతో నీళ్లు మోసి నారుమళ్లు, కూరగాయలు, పూలతోటలు పెంచినారు తరతరాలుగా. శెనక్కాయ కూడా ఏస్తారంట, మన శెనక్కాయే! బాపట్ల పరిశోధనా కేంద్రం వాళ్లు దాన్నే మెరుగు చేసి, ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, నడిమిన ఒక బాయిలోకి నీళ్లు చేరేట్టు కట్టించినారు. నిలువుగా దిగకుండా అడ్డంగా పోవడంలోనే ఉండాది కిటుకంతా. మన బోర్ల మోజుకు ఇంతకంటే మంచి పాఠం నాకు యాడా కనపడలేదు. కడపలో ఏడాదికి ఏడొందల మిల్లీమీటర్ల దరిదాపు వాన పడతాది. అది తక్కువేమీ కాదు. ఇంకే చోటు లేకుండా చేసుకోని, పాతాళంలో వెతుకుతాండాం.

ఆడా కష్టాలు లేవనుకోవద్దు. రొయ్యల గుంటలు వచ్చినాక చుట్టుపక్కల బాయిలు ఉప్పగా మారినాయని ఆ పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. తీరంలో రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2005లో చట్టం వచ్చింది. అయినా రొయ్యల గుంటలు తక్కువేమీ కనపడలేదు నాకు. దిబ్బల ఇసుక ఎత్తుకుపోయే లారీలంటే వాళ్లకు ఇంకా భయం. దిబ్బ పోతే వాన నిలిచే చోటు పోతాది, చెలమ పోతాది. మన ఏట్లో ఇసుక తోడేస్తే ఊరి బాయిలు ఎండిపోలేదూ? అదే కథ. ఆ ఆడవాళ్ల బాధ మనకు అర్థమైనట్టు ఇంకొకరికి కాదు.

ఇంకొకటి చెప్పాల. రెండో పూట పాటు తీసినప్పుడు, అంటే నీళ్లు వెనక్కి పోయినప్పుడు, తడి ఇసుక మీద వరసలు వరసలుగా గీతలు పడి ఉండాయి. వేలెడు దూరానికి ఒక మడత. ఒక పక్క వాలు, ఇంకో పక్క నిక్క. కాలు పెడితే అరికాలికి తెలుస్తాయి. మా పెద్దోడు మోకాళ్ల మీద కూచోని వాటినే చూస్తాండాడు. ఏందిరా అంటే, "అమ్మా, ఇవి గండికోట రాయిలో ఉండాయి" అన్నాడు.

గండికోట లోయలో పెన్న కోసిన ఆ ఎర్రటి రాయి ఉండాదే, అది ఒకనాటి ఇసుకేనంట. తక్కువ లోతు నీళ్లలో అలలు గీసిన గీతలు గీసినట్టే గట్టిపడి రాయైపోయినాయి. మన కడప నేలలో శానా భాగం, కర్నూలులో సగం, ప్రకాశం, అనంతపురం అంచులు కూడా కలుపుకోని, నలభై వేల చదరపు కిలోమీటర్లు దాటి ఒకప్పుడు సముద్రం నిలిచిన పల్లం. విలియం కింగ్ అని సర్వే ఆయన 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద పుస్తకం రాసినాడు. ప్రపంచంలో యాడ చదివినా జియాలజీ వాళ్లు ఆ పల్లాన్ని కడప పేరుతోనే పిలుస్తారు.

వేంపల్లె పక్క రాళ్లలో గుండ్రంగా, పొరలు పొరలుగా ఉండే గుర్తులు నువ్వూ చూసే ఉంటావు. అవి కంటికి కనపడని నాచు జీవాలు సముద్రంలో కట్టిన దిబ్బలంట. ఆ పొరల మీద ఉండే పొరల్లోకి దూరిన లావా రాతి వయసే 188 కోట్ల ఏండ్లని తేల్చినారు. అంటే వేంపల్లె రాళ్లు దానికంటే పాతవి. చేప పుట్టలేదు, చెట్టు పుట్టలేదు, నాచులాంటి చిన్న జీవాలే అప్పుడు ఉండాయి భూమ్మీద. అట్లాంటి దిబ్బలు ప్రాణంతో ఇప్పటికీ పశ్చిమ ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట పెరుగుతాండాయి. ఆడికి దేశదేశాల మనుషులు విమానాలెక్కి పోతారు. మన వేంపల్లెలో వాటి మీద గొర్రెలు పండుకుంటాయి, ఒక బోర్డు కూడా లేదు. నాకు ఇది తలచుకుంటే బాధే.

మన వంటింటి గట్టు, నువ్వు బట్టలు ఉతికే బండ, ఇప్పుడు నువ్వు చెయ్యి ఆనించిన ఈ గోడ మీది నాపరాయి, అన్నీ ఆ సముద్రం అడుగున పేరుకున్న సున్నమే. ఎర్రగుంట్ల సిమెంటు కూడా దాంట్లోదే. బెలుం గుహలు ఆ సున్నపురాతిలోనే నీళ్లు తొలిచినవి. 3,229 మీటర్లు కొలిచినారు. మంగంపేట ముగ్గురాయి మాత్రం అగ్నిపర్వతం బూడిద సముద్రంలో పడి పేరుకున్నదంట. అది ఇప్పుడు దేశాలు దాటి పోయి, నూనె బావులు తవ్వేటప్పుడు బరువుకు బురదలో కలుపుతారు. సముద్రంలో పుట్టిన రాయి, సముద్రంలో బావి తవ్వడానికి మళ్లీ ఆడికే పోతాంది. మా ఇంటాయన ఆ మాట విని శానాసేపు ఏమీ మాట్లాడలేదు.

సముద్రం మనకు దూరపు చుట్టం అనుకునేదాన్ని. కాదు వదినా. మనం ఉండేది దాని పాత ఇంట్లోనే.

రాత్రి సంగతి ఒకటి మిగిలింది. బండి బయట లైటు వేసుకోని సంగటి కెలుకుతాండా. పాలెంలో ఇచ్చిన చేపల పులుసు ఉండాది, దానికి మామిడికాయ పులుపు. మన ఊరిబిండి వాళ్లింటికి పోయింది. అప్పుడు ఒక పిల్లోడు పరిగెత్తుకోని వచ్చి, "లైటు ఆపండక్కా, తాబేలు ఎక్కతాంది" అన్నాడు. అన్నీ ఆర్పేసినాం. కండ్లు చీకటికి అలవాటు పడినాక దూరంగా కనపడింది. రెండడుగుల చిప్ప, నీళ్లలోనుంచి వచ్చి, నిలబడి, మళ్లీ జరిగి, మళ్లీ నిలబడి. ఆలివ్ రిడ్లీ అంటారు వాటిని. దిబ్బ మొదట్లో వెనక కాళ్లతో గుంత తీసింది. ఒక కాలితో ఇసుక ఎత్తి పక్కన పెడతాది, ఇంకో కాలితో దాన్ని దూరంగా విసురుతాది. ఎంత ఓపికో! గుడ్లు పెట్టి, పూడ్చి, ఒంటితో అదిమి, ఆనవాలు తెలీకుండా చేసి పోయింది. మేము ఎవరమూ దగ్గరికి పోలేదు, ఫోను తీయలేదు. మా అత్త మాత్రం చేతులెత్తి దండం పెట్టింది.

జనవరి నుంచి మార్చి దాకా అవి ఈ తీరంలో గుడ్లు పెడతాయంట. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. రాత్రిపూట సముద్రం మీద ఉండే వెలుగు చూసుకోని అవి నీళ్లలోకి పోతాయి. గట్టున లైట్లుంటే దోవ తప్పి భూమి దిక్కు వచ్చేస్తాయి, కుక్కలకు, కాకులకు దొరుకుతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉండాది. అటవీ శాఖ వాళ్లు కొన్ని చోట్ల గుడ్లు తెచ్చి కంచె లోపల పొదిగిస్తారు. అయినా లైటు ఆర్పాల్సింది మనమే గదా.

మీరు కూడా పోండి వదినా. అన్నకు చెప్పు, పిల్లోళ్లకు పరీక్షలు మొదలుగాక ముందే తీసకపొమ్మని. బండి గట్టి నేల మీదనే నిలబెట్టండి, దిబ్బ ఎక్కించొద్దండి. పొద్దు గుంకినాక బయటి లైట్లు వెయ్యొద్దండి. సబ్బు నీళ్లు ఇసుకలో పోయొద్దండి, ఆ ఇసుక కిందనే వాళ్లు తాగే నీళ్లుండాయి. చెలమకాడ పిలిస్తే పోయి తాగండి. అయితే బిందె నింపే ముందు వాళ్లకు సరిపోయినాయా అని ఒక మాట అడగండి. తాబేళ్లను చూడాలంటే మార్చి దాటనియ్యొద్దండి.